ఓన్లీ వచ్చింది, ‘ఏ’ పోలేదు

(వరంగల్‌లో మా ఇంగ్లీషు సారు శిష్యుల, సహోద్యోగుల, కుటుంబసభ్యుల, ఈ ఊరి ఇంగ్లీషు టీచర్ల సమక్షంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ పూట నేను ఒక్క ఇంగ్లీషు మాట గురించే మాట్లాడతాను. ఆ మాట ‘ఓన్లీ’. స్మారకోపన్యాసానికి ఇంత చిన్న మాట సరిపోతుందా అని కొందరికి అనిపించవచ్చు. సారు నైజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నారు, ఆ తర్వాత మాకు ఇంగ్లీషు పాఠం చెప్పారు, సాయంత్రాలు హన్మకొండలోని రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయంలో కూర్చుని తెలుగు చదివారు. 1904లో పెట్టిన ఆ గ్రంథాలయం లేకపోతే తన తెలుగు ఇంటి గడప దాటేది కాదని చెప్పేవారు. మూడు భాషల నడుమ బతికిన అటువంటి తరం ఈ జిల్లాలో పెద్దదే. ‘ఓన్లీ’ కథ కూడా ఆ మూడు భాషల నడుమ నడిచిన కథే గనుక దీన్ని ఎంచుకున్నాను.

ముందు ఇంగ్లీషువాళ్ల ఇంట్లో ఈ మాట సంగతి చూద్దాం. ప్రాచీన ఇంగ్లీషులో ‘ఆన్‌లిచ్’ అనే పదం ఉండేది. ‘ఆన్’ అంటే ఒకటి, ‘లిచ్’ అంటే వంటిది. ఒకటి వంటిది, ఒంటరిది అని అసలు అర్థం. ‘ఓన్లీ సన్’ అన్నప్పుడు ఆ పాత అర్థం ఇప్పటికీ కనబడుతుంది. ఆ ఒంటరితనం నుంచే క్రియావిశేషణం పుట్టింది. ‘ఓన్లీ టూ’ అంటే రెండే, మూడోది లేదు. ‘ఓన్లీ ఎ క్లర్క్’ అంటే ఉత్త గుమస్తా, అంతకు మించి కాదు. ‘ఓన్లీ యెస్టర్డే’ అంటే నిన్ననే, ఎంతో కాలం కాలేదు. ‘ఇఫ్ ఓన్లీ’ అంటే అట్లా జరిగితే ఎంత బాగుండు అనే ఆశ. వాక్యం మొదట్లో విడిగా నిలబడితే ‘కాకపోతే’ అనే అర్థంలో సముచ్చయంగా కూడా పనిచేస్తుంది. ఒంటరి అని మొదలైన మాట ఇన్ని కాపురాలు చేసింది.

దాన్ని వాక్యంలో ఎక్కడ పెట్టాలి అన్నది ఇంగ్లీషు వ్యాకరణవేత్తలకు రెండున్నర శతాబ్దాల తగాదా. 1762లో రాబర్ట్ లౌత్ రాసిన వ్యాకరణం ఏ మాటకు సంబంధించిన క్రియావిశేషణాన్ని ఆ మాటకు దగ్గరగా పెట్టమంది. అప్పటి నుంచి బడి పంతుళ్లు ఆ నియమాన్ని పట్టుకున్నారు. 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో దీనికి ఎదురు నిలిచాడు. మాట్లాడేవాళ్లు సహజంగా ‘ఓన్లీ’ని క్రియకు ముందే పెడతారు, అర్థం తికమక కానంతవరకు దాన్ని లాగి ఇంకోచోట కూర్చోబెట్టనక్కరలేదు అన్నాడు. నాకు ఫౌలర్ మాటే సబబనిపిస్తుంది. ఎందుకంటే ఇంగ్లీషువాళ్లు నోటితో మాట్లాడేటప్పుడు ‘ఓన్లీ’ ఎక్కడున్నా ఏ మాట మీద గొంతు నొక్కితే ఆ మాటకే అది అంటుతుంది. కాగితం మీద గొంతు ఉండదు, అందుకని తగాదా. ఈ గొంతు నొక్కడం అనే సంగతిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికి వస్తాను.

ఇప్పుడు మన ఊళ్లోకి రండి. కాజీపేట స్టేషన్లో దిగిన చుట్టానికి ఫోన్లో ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ అని చెప్పే కుర్రవాడిని మీరు రోజూ వింటారు. ‘టుడే ఓన్లీ ఐ కేమ్’, ‘బిఫోర్ ఓన్లీ ఐ టోల్డ్ యూ’, ‘లైక్ దట్ ఓన్లీ’. ఈ వాక్యాలను ఇంగ్లీషు దేశస్థుడు వింటే ఒక్క క్షణం ఆగిపోతాడు. ‘ఇక్కడ మాత్రమే ఉన్నాను’ అంటే ఒకే మనిషి ఒకే సమయంలో రెండు చోట్ల ఎట్లా ఉంటాడని అతని అనుమానం. మన కుర్రవాడు చెప్పింది అది కాదు. ‘ఈడనే ఉన్న’ అన్నాడు. ఎక్కడికీ పోలేదు, నువ్వు వెతుకుతున్న చోటనే ఉన్నాను, కంగారుపడకు అన్నాడు. మిగతా చోట్లను కొట్టివేయడం అతని ఉద్దేశం కాదు, ఈ చోటును గట్టిగా చెప్పడం అతని ఉద్దేశం.

ఈ ‘గట్టిగా చెప్పడం’ చేసేది తెలుగులో ఒక్క అచ్చు. ‘ఏ’. మన వ్యాకరణాలు దాన్ని అవధారణార్థకం అన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ప్రశ్నకు వచ్చే ‘ఆ’, సందేహానికి వచ్చే ‘ఓ’, చేర్పుకు వచ్చే ‘ఊ’ల పక్కన నిశ్చయానికి వచ్చే ఈ ‘ఏ’ని కూర్చోబెట్టారు. వచ్చాడా, వచ్చాడో, వాడూ, వాడే. నాలుగు అచ్చులు, మాట చివర తగులుకుని నాలుగు రకాల మనసులను చెబుతాయి. నా మట్టుకు నాకు తెలుగు వాక్యంలో ఇంతకంటే పొదుపైన, ఇంతకంటే అందమైన ఏర్పాటు ఇంకోటి కనబడలేదు. ఈ ‘ఏ’ నిన్నమొన్నటిది కూడా కాదు. తమిళంలో పాత వ్యాకరణమైన తొల్కాప్పియం దీని అర్థాలను ఐదుగా లెక్కపెట్టి, అందులో నిశ్చయాన్ని మొదటిదిగా చెప్పింది. కన్నడంలో ఇదే ‘ఏ’ ఉంది. కృష్ణమూర్తి గారు మూల ద్రావిడ భాషకే దీన్ని ఆపాదించారు. అంటే తెలుగు తెలుగుగా విడిపోకముందు నుంచీ మన నోళ్లలో ఉన్న అక్షరం.

దాని పని దగ్గరగా చూపిస్తాను. కొన్నేళ్ల కింద ఈ జిల్లాలోనే ఒక ప్రభుత్వ పాఠశాలలో ఏడో తరగతికి పాఠం చెప్పే అవకాశం వచ్చింది. బోర్డు మీద వాళ్ల మాటల్లోనే ఒక వాక్యం రాశాను: మల్లయ్య నిన్న హన్మకొండల సైకిల్ కొన్నడు. ‘ఏ’ని ఎక్కడెక్కడ పెట్టవచ్చో చెప్పమన్నాను. పిల్లలు చేతులెత్తి చెప్పుకుంటూ పోయారు. మల్లయ్యే కొన్నడు, ఇంకోడు కాదు. నిన్ననే కొన్నడు, ఎన్నడో కాదు. హన్మకొండల్నే కొన్నడు, హైదరాబాద్ పోలె. సైకిలే కొన్నడు, మోటర్ సైకిల్ కాదు. అయిపోయింది అనుకున్నాను. వెనుక బెంచీలో కూర్చున్న పిల్ల లేచి, “సార్, కొననే కొన్నడు” అంది. ఎన్నాళ్ల నుంచో కొంటా కొంటా అని చివరికి కొన్నాడన్నమాట. తరగతిలో ఎవరూ ఆ పిల్లకు వ్యాకరణం చెప్పలేదు. క్రియకు అవధారణ తగిలించాలంటే క్రియను రెండుసార్లు పలికి మొదటిదానికి తగిలించాలి అనే నియమం దానికి అమ్మ నుంచి వచ్చింది.

ఆ పిల్లే ఇంకో మాట అడిగింది: “సార్, ఇంగ్లీషుల ఈ ‘ఏ’ యాడుంటది?”

ఇంగ్లీషు బోధన మీద నేను విన్న ప్రశ్నల్లో ఇంత మంచిది తక్కువ. దానికి నిజమైన జవాబు: ఒక చోట ఉండదు. ఇంగ్లీషు ఈ పనిని ఎక్కువగా గొంతుతో చేస్తుంది. మల్లయ్య మీద నొక్కితే ‘మల్లయ్యే’, సైకిల్ మీద నొక్కితే ‘సైకిలే’. లేదా వాక్యాన్ని విరుస్తుంది: ‘ఇట్ వాజ్ మల్లయ్య హూ బాట్ ఇట్’. లేదా సందర్భాన్ని బట్టి వేరే మాట తెచ్చుకుంటుంది. ఇక్కడే అనడానికి ‘రైట్ హియర్’, ఇప్పుడే అనడానికి ‘జస్ట్ నౌ’, అదే అనడానికి ‘ద వెరీ సేమ్’, రాగానే అనడానికి ‘యాజ్ సూన్ యాజ్’. ‘బాగానే ఉంది’ అంటే ‘క్వైట్ వెల్’, ‘ఫెయిర్లీ వెల్’. ఈ చివరిదాంట్లో ‘ఏ’ నిశ్చయం కూడా చెప్పడం లేదు, కొంచెం తగ్గించి చెబుతోంది. వంట ఎట్లుంది అంటే ‘బాగుంది’ అనడానికి, ‘బాగానే ఉంది’ అనడానికి ఎంత దూరమో వండినవాళ్లను అడగండి. ‘చదివితేనే పాసైతవ్’ అన్నప్పుడు మాత్రం ‘ఓన్లీ ఇఫ్’ సరిగ్గా అతుకుతుంది. ‘నిన్ననే’కు ‘ఓన్లీ యెస్టర్డే’ కూడా అతుకుతుంది.

ఈ రెండు మూడు చోట్ల అతికింది గనుక అన్ని చోట్లా అతుకుతుందని మన పిల్లలు అనుకుంటారు. అనుకోవడంలో తర్కం ఉంది. మన భాషలో ఒక్క ‘ఏ’ ఇన్ని పనులు చేస్తుంటే అవతలి భాషలోనూ ఒక్క మాట చేయాలి కదా అని వెతుకుతారు. ‘ఓన్లీ’ దొరుకుతుంది. దొరికిన దాన్ని తెలుగు పద్ధతిలో మాట వెనక తగిలిస్తారు. ‘హియర్ ఓన్లీ’, ‘టుడే ఓన్లీ’, ‘హి ఓన్లీ’. ‘ఓన్లీ’ చాలనప్పుడు ‘ఇట్‌సెల్ఫ్’ను తెచ్చుకుంటారు. ‘టుడే ఇట్‌సెల్ఫ్’ అన్నా అది ‘ఈరోజే’. మాట ఇంగ్లీషుది, పని ‘ఏ’ది.

ఇది తెలుగువాళ్ల ఒక్కరి సంగతి కాదు. తమిళులు, మలయాళీలు, కన్నడిగులు, హిందీవాళ్లు అందరూ ఇట్లాగే అంటారు. తమిళానికి ‘తాన్’ ఉంది, మలయాళానికి ‘తన్నె’ ఉంది, హిందీ ఉర్దూలకు ‘హీ’ ఉంది, మరాఠీకి ‘చ’ ఉంది. మరాఠీ ‘చ’ దక్కనీలోకి వచ్చి ‘ఇచ్’ అయింది. హైదరాబాద్‌లో ఎవరైనా ‘ఐసాఇచ్’ అంటే అందులో మనకు వినిపించే చివరి ‘చ్’ అదే. ఈ మాటలన్నీ తాము నొక్కే మాటకు వెనకే వస్తాయి. వేర్వేరు కుటుంబాలకు చెందిన ఇన్ని భాషలు ఈ ఒక్క విషయంలో ఒకే తీరుగా నడుచుకుంటుంటే, అందరూ కలిసి మాట్లాడే ఇంగ్లీషు కూడా ఆ తీరుకే వంగింది. భాషాశాస్త్రజ్ఞులు భారతీయ ఇంగ్లీషు లక్షణాల్లో ఈ వాక్యాంతపు ‘ఓన్లీ’ని ఒకటిగా చాలాకాలంగా గుర్తిస్తున్నారు.

సంస్కృతంలో ‘ఏవ’ కూడా వెనకే వస్తుంది. దాని మీద మన దేశంలో జరిగినంత ఆలోచన ‘ఓన్లీ’ మీద ఇంగ్లండులో జరగలేదని నా నమ్మకం. క్రీస్తుశకం ఆరేడు శతాబ్దాల నాటి బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ‘ఏవ’ చోటు మారితే అర్థం మూడు రకాలుగా మారుతుందని విడదీశాడు. అర్జునుడే విలుకాడు అంటే ఆ విద్య ఇంకొకరికి లేదని. దీనికి అన్యయోగవ్యవచ్ఛేదం అని పేరు. చైత్రుడు విలుకాడే అంటే ఇంకొకరి సంగతి మనకు అక్కరలేదు, ఇతనికి ఆ విద్య లేదనే అనుమానాన్ని మాత్రం కొట్టివేస్తున్నాం. అది అయోగవ్యవచ్ఛేదం. నీలి తామర ఉండనే ఉంటుంది అంటే తామరలన్నీ నీలివి అని కాదు, నీలివే తామరలు అనీ కాదు, అట్లాంటిది అసలే ఉండదనుకోకు అని. అది అత్యంతాయోగవ్యవచ్ఛేదం. పేర్లు భయపెడతాయి కానీ ఏడో తరగతి పిల్ల ‘మల్లయ్యే కొన్నడు’ నుంచి ‘కొననే కొన్నడు’ దాకా నడిచిన దారి ఇదే.

ఈ విభజన మన ఇంగ్లీషు వాక్యానికి సరిగ్గా పనికొస్తుంది. ఇంగ్లీషు ‘ఓన్లీ’ చేసేది దాదాపుగా మొదటి పని, మిగతావాటిని కొట్టివేయడం. మన ‘ఏ’ మూడూ చేస్తుంది. ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ అన్న కుర్రవాడు రెండో పని చేస్తుంటే వినే ఇంగ్లీషువాడు మొదటి పని అనుకుంటాడు. తికమక అంతా అక్కడుంది.

ఇక రెండో వైపు. ‘ఓన్లీ’ మన ఇంగ్లీషులో వెనకకు పోతే, మన తెలుగులో మాత్రం ముందుకు వచ్చింది. ‘ఓన్లీ చాయ్ చాలు’, ‘ఓన్లీ క్యాష్’, ‘ఓన్లీ రెండే ఉన్నయ్’. ఒకే మనిషి ఇంగ్లీషులో ‘టూ ఓన్లీ’ అంటాడు, తెలుగులోకి రాగానే ‘ఓన్లీ రెండే’ అంటాడు. ఆ మనిషికి ‘ఓన్లీ’ ఎక్కడ పెట్టాలో తెలియక కాదు. రెండు చోట్లా తెలుగు వ్యాకరణమే దాన్ని నడిపిస్తోంది.

‘ఓన్లీ రెండే’ అన్నదాన్ని నిదానంగా చూడండి. అందులో ‘ఓన్లీ’ ఉంది, ‘ఏ’ కూడా ఉంది. ‘ఓన్లీ రెండు ఉన్నయ్’ అని కూడా అంటాం కానీ గట్టిగా చెప్పాలనుకుంటే ‘ఏ’ రాకుండా ఉండదు. ఎందుకని? తెలుగులో నొక్కి తగ్గించి చెప్పడానికి రెండు చోట్లున్నాయి. మాటకు ముందొక పీట, మాటకు వెనక ‘ఏ’. పుస్తకాల తెలుగులో ఆ పీట మీద ‘కేవలం’ కూర్చుంటుంది: కేవలం రెండే. ఇంట్లో ‘ఒక్క’ కూర్చుంటుంది: ఒక్క నువ్వే రాలె. ‘ఉత్త’ కూర్చుంటుంది: ఉత్త అన్నమే తిన్నడు. సారు తరం, వాళ్ల తండ్రుల తరం అదే పీట మీద ‘సిర్ఫ్’ను కూర్చోబెట్టింది: సిర్ఫ్ రెండే. ఉర్దూలోనూ ‘సిర్ఫ్ దో హీ’ అని రెండు వైపులా ఉంటుంది గనుక ఆ మాట మన వాక్యంలో నొప్పి లేకుండా ఇమిడింది. ఇప్పుడు అక్కడ ‘ఓన్లీ’ కూర్చుంది.

ఇది నాకు చాలా పెద్ద విషయంగా కనబడుతుంది. ‘కేవలం’ సంస్కృతంతో వచ్చింది. ‘సిర్ఫ్’ అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా, దర్బారుతో, కచేరీతో, బడితో వచ్చింది. ‘ఓన్లీ’ ఇంగ్లీషు చదువుతో వచ్చింది. ఈ ప్రాంతాన్ని ఏలిన పెద్ద భాషలన్నీ వంతులవారీగా ఒకే పీట మీద కూర్చున్నాయి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. అక్కడ చదివి వచ్చినవాళ్ల నోట తెలుగు ఎంత మారిందో మన పెద్దల మాట విన్నవాళ్లకు తెలుసు. 1921లో హైదరాబాద్‌లో ఒక సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. అంత ఒత్తిడి కింద కూడా ముందు పీట మీది మాటలు మారాయే గాని వెనక ఉన్న ‘ఏ’ కదలలేదు. దాన్ని ఏ భాషా లేపలేకపోయింది. లేపకపోగా, మన నోటి ఇంగ్లీషులోకి అదే పోయి ‘ఓన్లీ’ వేషంలో నిలబడింది.

ఇంకో చిన్న సంగతి కూడా చెప్పాలి. ‘కేవల’ అంటే ఇంకేదీ కలవనిది. ‘సిర్ఫ్’ అంటే అరబ్బీలో కల్తీ లేనిది. మన ‘ఉత్త’ కూడా అంతే, ఉత్త నీళ్లు అంటే ఏమీ కలపని నీళ్లు. ఇటు ‘ఓన్లీ’ ఒకటి నుంచి పుట్టింది, మన ‘ఒక్క’ ఒకటి నుంచే పుట్టింది. ‘మాత్రమే’ అనేటప్పుడు మరో దారి: ‘మాత్ర’ అంటే కొలత, ఇంత కొలత వరకే అని. ఎక్కడెక్కడి మనుషులో, ‘ఇంతే’ అని చెప్పడానికి ఒకటి, స్వచ్ఛం, కొలత అనే మూడు ఆలోచనల్లో ఏదో ఒకదాని దగ్గరికే వచ్చారు.

‘మాత్రమే’ అన్నాను గనుక టీచర్ల కోసం ఒక హెచ్చరిక. ‘మాత్రం’ వేరు, ‘మాత్రమే’ వేరు. ‘నేను మాత్రం రాను’ అంటే ఎవరు వచ్చినా రాకపోయినా నా సంగతి ఇది అని. ‘నేను మాత్రమే రాను’ అంటే మిగతా అందరూ వస్తారని. మొదటిదాన్ని పిల్లలు ‘ఓన్లీ ఐ విల్ నాట్ కమ్’ అని రాస్తారు, అర్థం రెండోదానికి పోతుంది. పత్రికల్లో, టీవీల్లో కూడా ఈ రెండూ ఈమధ్య కలిసిపోతున్నాయి. ఇది నన్ను బాధపెడుతుంది, ఎందుకంటే ఇక్కడ పోయేది అలంకారం కాదు, అర్థం.

ఇంగ్లీషు ‘ఓన్లీ’ కూడా వెనక వచ్చే చోట్లున్నాయి. చెక్కు చూడండి. సొమ్మును అక్షరాల్లో రాసి చివర ‘ఓన్లీ’ అంటాం. తర్వాత ఎవరూ మరో మాట చేర్చి సొమ్ము పెంచకుండా అక్కడ తలుపు వేయడమన్నమాట. మన రసీదుల్లో ‘అక్షరాలా రెండు వేల రూపాయలు మాత్రమే’ అనేదీ అందుకే. బస్సుల్లో ‘లేడీస్ ఓన్లీ’, ‘స్త్రీలకు మాత్రమే’. బోర్డుల్లో, రసీదుల్లో, షరతుల్లో ఇంగ్లీషు ‘ఓన్లీ’ వెనకే నిలబడుతుంది. పొద్దున లేచింది మొదలు మన పిల్లలకు ఊళ్లో కనబడే ఇంగ్లీషు ఈ బోర్డుల ఇంగ్లీషే. కథల పుస్తకాల ఇంగ్లీషు వాళ్ల ఇళ్లలో లేదు. ‘ఏ’ వెనక వస్తుంది, ‘హీ’ వెనక వస్తుంది, బోర్డు మీద ‘ఓన్లీ’ వెనక వస్తుంది. ఇన్ని సాక్ష్యాలు ఒకవైపు ఉన్నప్పుడు పిల్ల ‘హియర్ ఓన్లీ’ అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టివేసి ఊరుకోవడం న్యాయం కాదు.

అట్లాగని ‘అదీ ఇంగ్లీషే, వదిలేయండి’ అనేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. మన వీధిలో, మన ఆఫీసుల్లో అది ఇంగ్లీషే, సందేహం లేదు. కాని ఈ వరంగల్‌లో 1959లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ ఆర్‌ఈసీ నుంచి, 2002లో అది ఎన్‌ఐటీ అయ్యాక కూడా, ఎంతమంది పిల్లలు దేశాలు పోయారో మీకు తెలుసు. అక్కడ ఒక ఉత్తరంలో ‘ఓన్లీ’ తప్పు చోట పడితే ఒప్పందం అర్థమే మారవచ్చు. ‘సరుకు అందాకనే డబ్బు ఇస్తాం’, ‘సరుకు అందాక డబ్బే ఇస్తాం’ ఈ రెంటికీ తేడా తెలియని వర్తకుడు ఎనుమాముల మార్కెట్లో ఒక్కడూ దొరకడు. ఆ తేడాను ఇంగ్లీషులో ఎట్లా చూపాలో తెలుసుకునే హక్కు మన పిల్లలకుంది. ‘ఓన్లీ’ని వాక్యం మొదట్లో పెడితే ‘ఓన్లీ దెన్ డిడ్ ఐ నో’ అని సహాయక క్రియ ముందుకు దూకుతుందన్న నియమం కూడా వాళ్లకు చెప్పాలి. అది చెవికి తెలుగు వైపు నుంచి రానే రాదు, నేర్పితేనే వస్తుంది.

నేర్పడం ఎట్లా అన్న దగ్గర సారు పద్ధతి గుర్తుకొస్తుంది. ఆయన ఇంగ్లీషు వాక్యం తప్పు రాసిన పిల్లవాడిని, “ఇదే మాట మీ అమ్మతోని ఎట్ల చెప్తవ్ రా?” అని అడిగేవారు. పిల్లవాడు తెలుగులో చెప్పేవాడు. ఆ తెలుగు వాక్యం బోర్డు మీదికి ఎక్కేది, పక్కన ఇంగ్లీషు వాక్యం. రెంటి నడుమ ఏ మాట ఎక్కడికి పోయిందో చాక్‌పీస్‌తో గీతలు గీసేవారు. మాకు అప్పట్లో అది అనువాదం అనిపించింది. అది వ్యాకరణమని తర్వాత అర్థమైంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో సవర పిల్లల కోసం ముందు సవర భాష నేర్చుకున్నారు, 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. పిల్ల దగ్గర ఉన్న భాష నుంచే చదువు మొదలుకావాలని ఆయన ఒక జీవితకాలం వాదించారు. కాళోజీ గారు ఈ ఊళ్లో నిలబడి, జనం నోటి పలుకుబడిని బడి పలుకు కిందపడేయకండి అన్నదీ అదే దిక్కు. కన్నడం మాట్లాడే తల్లికి పుట్టి, మరాఠీ ఇంట్లో పెరిగి, ఉర్దూ చదివి, ‘జీవనగీత’ పేరుతో ఖలీల్ జిబ్రాన్‌ను తెలుగు చేసిన మనిషి ఆయన. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినంగా జరుపుకుంటున్నాం. ఆరోజు పద్యాలు చదువుతాం, దండలు వేస్తాం. ఆరోజే ఇంగ్లీషు టీచరు కూడా తన తరగతిలో తెలుగు ‘ఏ’ మీద ఒక్క పాఠం చెబితే అది కాళోజీకి దండ కంటే దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

2022–23 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. దాని మంచిచెడ్డల మీద ఈ సభలో రెండు అభిప్రాయాలూ ఉన్నాయి, ఆ చర్చలోకి పోను. అయితే దాంతోపాటు ఒక మంచి పని జరిగింది. పుస్తకాలు రెండు భాషల్లో వచ్చాయి, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు. చాలా బడుల్లో ఆ తెలుగు పేజీని ఇంగ్లీషు రాని పిల్లకు ఊతంగా మాత్రమే చూస్తున్నారు. ఇంగ్లీషు వచ్చాక ఆ పేజీ అక్కరలేదన్నట్టు. నేను అడిగేది ఆ రెండు పేజీలను కలిపి చదివించమని. తెలుగు పేజీలో ‘ఏ’ ఉన్న ప్రతి మాట కింద గీత గీయించండి. దానికి ఎదురుగా ఇంగ్లీషులో ఏముందో వెతికించండి. ఒకచోట ‘ఓన్లీ’ దొరుకుతుంది, ఒకచోట ‘జస్ట్’, ఒకచోట ‘ఈవెన్’ ఉందేమో అని చూసి కాదని తెలుసుకుంటారు, చాలాచోట్ల ఏమీ దొరకదు. ఏమీ దొరకని చోట ఇంగ్లీషు గొంతుతో చెబుతోందని అప్పుడు చెప్పండి, ఆ వాక్యాన్ని పైకి చదివించండి, ఏ మాట మీద నొక్కాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. ఇంగ్లీషు ఉచ్చారణ పాఠం, తెలుగు వ్యాకరణం పాఠం ఒకే గంటలో అయిపోతాయి. కొత్త పుస్తకం అక్కరలేదు, యంత్రం అక్కరలేదు.

ఇందులో ఒక చిక్కుంది, దాచను. తెలుగు పేజీని అనువాదకులు ఇంగ్లీషు వెంట నడిపించి రాస్తే అందులో ‘ఏ’లు తగ్గిపోతాయి. ‘కేవలం’, ‘మాత్రమే’లు పెరుగుతాయి. ‘ఇప్పుడే వచ్చిన’ అనవలసిన చోట ‘కేవలం ఇప్పుడు మాత్రమే వచ్చాను’ అని రాస్తే పిల్లకు దొరికేది తెలుగు కాదు, తెలుగు లిపిలో ఇంగ్లీషు. అందుకని ఆ పేజీలు రాసేవాళ్లు, సరిచూసేవాళ్లు ఈ ఒక్క అక్షరం విషయంలోనైనా జాగ్రత్త పడాలి. వాక్యం రాశాక పైకి చదివి, ఇంట్లో ఇట్లా అంటామా అని చూసుకోవాలి. కాకతీయ విశ్వవిద్యాలయం 1976 నుంచి మన మధ్య ఉంది, అక్కడ తెలుగు శాఖ ఉంది, ఇంగ్లీషు శాఖ ఉంది. ఆ రెండు శాఖల పిల్లలు కలిసి ఈ జంట పేజీలను ఒక ఎండాకాలం కూర్చుని చూస్తే ఏ పాఠంలో తెలుగు తెలుగులా ఉందో, ఏ పాఠంలో లేదో తేలిపోతుంది.

సారు ఇంటివాళ్లు ఆయన బోధన నోటు పుస్తకాలు కొన్ని నాకు చూపించారు. ఇంగ్లీషు వాక్యాల పక్కన పెన్సిల్‌తో తెలుగు, అక్కడక్కడ ఉర్దూ లిపిలో ఒకటి రెండు మాటలు ఉన్నాయి. వాటిని టీచర్లకు అందుబాటులోకి తేవాలనే ఆలోచన వాళ్లకుంది. ఆ పనిలో నేను కూర్చుంటాను, చేయి కలిపేవాళ్లు సభ అయ్యాక పేర్లు ఇవ్వండి. ‘ఏ’ మీద పాఠానికి నేను రాసుకున్న వాక్యాల కాగితం తలుపు దగ్గర బల్ల మీద ఉంది. అందులో వరంగల్ మాట తీరులో ఉన్నవి ఎక్కువ. ములుగు, జనగామ, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన టీచర్లు మీ వైపు ఎట్లా అంటారో దాని పక్కనే రాసి ఇస్తే వాటినీ కలుపుతాను. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి.